లీజు బండికి కొట్టిన గుర్తు

బండి కొనాలా, లీజుకు తీసుకోవాలా అని మా ఇంట్లో నాలుగు నెలలు వాదించుకున్నాం. పైకి అది బండి గొడవ. లోపలున్న గొడవ వేరు. బండి కొంటే ఇంకో అయిదారేళ్ళు అంగడి మూసే మాటే ఉండదు. లీజుకు తీసుకుంటే ఏడాది తిరగ్గానే చేతులు దులుపుకోవచ్చు. మా ఆయనకు మూసెయ్యాలని ఉంది. నాకు లేదు. అంతే సంగతి.

ఉదయగిరిలో మాది పెళ్ళిళ్ళకు సామాను అద్దెకిచ్చే అంగడి. డేకిసాలు, బాణళ్ళు, గరిటెలు, కుర్చీలు, షామియానాలు. గుళ్ళో పెళ్ళయినా, మా చర్చిలో పెళ్ళయినా అన్నం ఉడికేది మా డేకిసాలోనే. ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. కొత్తగా ఏ వస్తువు వచ్చినా గుర్తు కొట్టకుండా బయటికి పంపం. పెళ్ళివాళ్ళు నాలుగు చోట్ల గిన్నెలు తెస్తారు. కడిగేటప్పుడు అన్నీ కలిసిపోతాయి. గుర్తు లేని గిన్నె మళ్ళీ ఇంటికి రాదు.

మొదట్లో నాకు చదువు రాదు కాబట్టి ఉలితో మూడు చుక్కలు కొట్టేదాన్ని. నలభై రెండో ఏట మా చర్చి టీచరమ్మ దగ్గర మధ్యాహ్నం పూట కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటినుంచి చుక్కల పక్కన నా పేరులోని మొదటి అక్షరం కూడా కొడుతున్నాను. ఆ అక్షరం కొడుతుంటే కలిగే సంతోషం పాతికేళ్ళయినా తగ్గలేదు. అవసరం లేనిచోట కూడా కొడతానని మా ఆయన వెక్కిరిస్తాడు. నిజమే, మా ఇంట్లో రోకలికి కూడా ఉంది.

ఇంతకాలం మా సామాను ఒక ట్రాక్టరాయన తోలేవాడు. నిరుడు ఆయన కలువాయి పక్క నిమ్మతోటల్లో బాడుగలు కుదుర్చుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మాకు రోజుకో బండి, రోజుకో మాట. కొండాపురం దగ్గర ఒక పెళ్ళికి ఒప్పుకున్న ఆటో రాలేదు. వంటవాళ్ళు పొయ్యి రాజేసుకుని, దాని మీద పెట్టడానికి గిన్నె లేక కూర్చున్నారు. మేము చేరేటప్పటికి పెళ్ళికూతురి మేనత్త వీధి మొదట్లోనే ఎదురొచ్చింది.

"ఏంది తల్లీ, రేపు వద్దామనుకున్నారా?" అంది.

ఆ మాటకు తల దించుకున్నాను. ఇంటికొచ్చి బండి కావాలన్నాను. మా ఆయన మంచం మీదినుంచి లేవకుండానే జవాబిచ్చాడు.

"బండెందుకు? అంగడి అమ్మేద్దాం. నా మోకాళ్ళు పట్టేసినాయి. నువ్వు మాత్రం పడుచుదానివా?"

మా మరిది లారీలు తోలి మానేసినవాడు. బండి అనే మాట వినగానే ఆయన కళ్ళలో వెలుగొచ్చింది. "కొనాల్సిందే వదినా. అద్దె బండిని అద్దె బండి మాదిరే తోల్తాం. మన డేకిసాలు జనం ఎట్ట వాడతారో నీకు తెలీదా?" అన్నాడు.

తెలుసు. అడుగు మాడ్చి ఇస్తారు, అంచు మీద గరిటె కొట్టి సొట్టలు చేసి ఇస్తారు. అడిగితే ముందునుంచీ అట్లాగే ఉందంటారు. అద్దెకు తెచ్చుకున్నదాన్ని ఎవరూ ముద్దు చెయ్యరు.

ముగ్గురం బస్సెక్కి ఆత్మకూరు వెళ్ళాం. ముందు కొత్త బండ్లు అమ్మేచోట అడిగాం. అక్కడ టై కట్టుకున్న పిల్లవాడు మర్యాదగా కుర్చీ వేసి, మజ్జిగ తెప్పించి, లోను కాగితాలు పరిచాడు. నా ఆధార్ కార్డు చూశాక కొంచెం ఇబ్బంది పడ్డాడు.

"అయిదేళ్ళ లోనమ్మా. వయసు కూడా చూస్తారు."

"చూసి?"

"అంటే... మధ్యలో మీకేమన్నా అయితే..."

"నేను పోతే బండి మీరే తీసుకోని పోతారు గదా నాయనా. భయపడాల్సింది మా ఆయన. నీకేంది?"

ఆ పిల్లవాడు నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళిపోయాడు. మా ఆయన మాత్రం బయటికొచ్చాక ఆ మాటే పట్టుకున్నాడు. "విన్నావా? వాడికి తెలిసింది నీకు తెలీదు. అయిదేండ్లంట!" అన్నాడు. ఆ అయిదేళ్ళ మాట నాకూ గుచ్చుకుంది. అరవై ఏడేళ్ళదాన్ని అయిదేళ్ళకు మాటిచ్చేదెట్లా?

అక్కడినుంచి మార్కెట్ వెనక ఉండే ఒక పెద్దాయన దగ్గరికి మా మరిది తీసుకెళ్ళాడు. ఆయన దగ్గర రెండేళ్ళు తోలిన తెల్ల పికప్ ఒకటి ఖాళీగా ఉంది. నడుం నొప్పి వల్ల తోలలేక పక్కన పెట్టాడట. కొంటే అమ్ముతాను, లేదంటే ఏడాది లీజుకిస్తాను, ముందు ఒక నెల తోలి చూసుకోండి అన్నాడు. మాటలో వంకర లేదు. ఆ నెలకు అగ్రిమెంటు కాగితం ముందు పెట్టాడు. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చివరిదాకా చదివాను. ఆయన రెండుసార్లు టీ తాగాడు. బండి ఎట్లా ఇచ్చారో అట్లాగే తిరిగి అప్పగించాలని ఒక చోట రాసి ఉంది. అది గట్టిగా రెండుసార్లు చదివి, సరే అని సంతకం చేశాను. బండి ఉదయగిరికి తెచ్చుకున్నాం.

ఆ నెల మాకు భలే గడిచింది. కొండ కింది పల్లెలన్నిటికీ వేళకు సామాను చేరింది. మా మరిది పొద్దున్నే బండి కడిగి, దానితో మాట్లాడి గానీ టిఫిను తినేవాడు కాదు. నేను ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చుని, వీధి చివర నిలబడే పెళ్ళివారికి దూరంనుంచే చెయ్యి ఊపేదాన్ని. మోకాళ్ళ నొప్పి అని ఇంట్లో ఉండిపోయిన మా ఆయన, రెండో వారం నుంచి సామానుకు తాళ్ళు కట్టడం మీకు రాదంటూ తనే ఎక్కి, నన్ను లోపలికి జరిపి కిటికీ పక్కన కూర్చున్నాడు.

నెల తిరగ్గానే లీజు డబ్బు ఇచ్చి, ఏదో ఒకటి తేల్చుకుందామని ముగ్గురం ఆత్మకూరు వెళ్ళాం. పెద్దాయన ఎద్దును చూసినట్టు బండి చుట్టూ తిరిగాడు. టైర్లు తట్టాడు, సంతోషపడ్డాడు. వెనక తలుపు దించాడు. అక్కడే నిలబడిపోయాడు.

"ఏందమ్మా ఇది?"

"గుర్తు" అన్నాను.

"ఎవురిది?"

"నాదే."

"నా బండి మీద నీ గుర్తేందమ్మా?"

బండి వచ్చినరోజే డజను కొత్త డేకిసాలు కూడా వచ్చాయి. వరసగా వాటికి ఉలితో కొట్టుకుంటూ పోయి, ఆ వరసలోనే బండి దగ్గరికెళ్ళి వెనక తలుపు లోపలివైపు మూడు చుక్కలు, ఒక అక్షరం కొట్టేశాను. బాగా లోతుగా, పెయింటు లేచిపోయేట్టు. మనది కాదన్న ఆలోచనే రాలేదు. నెలంతా ఆ తలుపు దించుతూ ఎత్తుతూ ఉన్న మా ముగ్గురిలో ఒక్కరికీ అది తప్పుగా కనపడలేదు.

మా ఆయన నవ్వడం మొదలుపెట్టి దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "నా మీద కూడా ఏడనో కొట్టే ఉంటాది, చూస్కోవాల" అన్నాడు.

"ఎట్ట ఇచ్చినామో అట్ట అప్పజెప్పాలని నువ్వే రెండుసార్లు చదివినావు గదమ్మా!" అన్నాడు పెద్దాయన.

"తప్పు నాదే. పెయింటు ఏపిస్తా. గీత పడిందని బండి కొనేస్తాననుకోబాకండి."

"నేనట్ట అనలేదే. మరి కొంటారా, లీజేనా?"

అందరూ నా వైపు చూశారు. అప్పుడు మా ఆయనతో అక్కడే, పెద్దాయన వరండాలోనే చెప్పేశాను.

"ఇదిగో చూడయ్యా. అయిదేండ్లు ఉంటానో లేదో నాకు తెలీదు. ఉన్నన్నాళ్ళు మాత్రం ఇంట్లో కూర్చోను. నీకు చేతకాకపోతే నువ్వు కూర్చో."

"నేనొక్కణ్ణే కూర్చోని గోడతో మాట్లాడాల్నా?"

"అయితే ఏమంటావు?"

ఆయన మోకాలు రుద్దుకున్నాడు. "తాళ్ళు ఎవురు కడతారు మీకు? మొన్న వాడు కట్టిన ముడికి సగం కుర్చీలు జారినాయి" అన్నాడు. మా మరిది, అది ముడి తప్పు కాదు, గుంత తప్పు అన్నాడు. ఇద్దరూ దాని మీద పడ్డారు. అంగడి మూసే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మా ఇంట్లో ఒప్పుకోవడం అంటే అట్లాగే ఉంటుంది.

ఇక బేరం. ఇది పాత బండి, నేను చీటీ పాడుకున్న డబ్బు దీనికి సరిపోతుంది కాబట్టి లోను గొడవ లేదు. పెద్దాయన ఒక ధర చెప్పాడు. నేను వెనక తలుపు దగ్గరికెళ్ళి వేలు పెట్టి చూపించాను.

"ఇక్కడ పెయింటు పోయి ఉండాది. కొంచెం తగ్గించు."

పెద్దాయన చేతులు జోడించాడు. "ఆ దెబ్బ కొట్టింది నువ్వే గదా తల్లీ!"

"ఎవురు కొడితేనేం, దెబ్బ దెబ్బే గదా."

ఆయన నవ్వి నవ్వి నడుం పట్టుకున్నాడు. తగ్గించాడు కూడా. ఎక్కువ కాదు, కొత్త తాళ్ళు కొనుక్కునేంత. కాగితాలు మార్పించే పనికి రెండుసార్లు తిరిగాం. రెండోసారి సాయంత్రానికి బండి మాదైంది.

ఆరోజు తిరిగొస్తుంటే మార్కెట్ దాటగానే భార్యాభర్తలిద్దరు చెయ్యెత్తి ఆపారు. పక్కన ఇనప బీరువా, కుట్టుమిషను, రెండు మేకపిల్లలు.

"కొండాపురం బాడుగకొస్తాదా అన్నా?"

"ఇది పెళ్ళి సామాన్ల బండి, బాడుగకు తిప్పం" అని మా మరిది గేరు వేశాడు. మేకలు ఎక్కితే తను కడిగిన బండి ఏమవుతుందో అని ఆయన బాధ. నేను ఏదో అనబోయేలోపే నా పక్క తలుపు తెరుచుకుంది. మోకాళ్ళు పట్టేసిన మా ఆయన కిందికి దిగాడు. బీరువా చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"పడుకోబెట్టి కట్టాల దీన్ని. నిలబెడితే పడతాది" అన్నాడు. "మేకలు ముందరికి. రేయ్, దిగి తలుపు దించరా."