గిలక్కాయ తాళం

పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించే నాకు, పాప పుట్టిన కొత్తలో సంచి ఒక్కటే. తీగలు, మైకు వైర్లు, పాలసీసా అన్నీ అందులోనే.

మస్కిలో ఒక పెళ్లిలో పాట మధ్యలో తీగ తెగింది. కొత్తది తీద్దామని సంచి తడుముతుంటే పాప గిలక్కాయ జారి మైకు ముందు గలగలమంది. స్టేజీ కింద అత్తమ్మ ఒళ్లో నిద్రపోతున్న పాప లేచి గుక్కపట్టింది. పందిరంతా నావైపే చూస్తుంటే తల కొట్టేసినట్టయింది.

"ఫికర్ చెయ్యకు చెల్లె, గది ఇటియ్యి. నువ్వు తీగ మార్చుకో" అని మా తబలా అన్న ఆ గిలక్కాయతోనే తాళం వేశాడు. పాట ఆగలేదు, పాప ఏడుపే ఆగింది.

ఇప్పుడు పాప కాలేజీలో ఉంది. మొన్న రాయచూరులో కొత్త బ్యాగు కొనబోతే, తీగలకొకటి, వైర్లకొకటి అంటూ దుకాణదారు అరలన్నీ చూపించాడు.

"ఇంకేం పెట్టుకునేదుంది అక్కా?" అన్నాడు.

గిలక్కాయ పట్టే అర కోసం నా చెయ్యి ఇంకా వెతుకుతూనే ఉంది.