ఆర్గన్ మీది పాట

చర్చిలో ఆర్గన్ వాయించబోయే ముందు ఆమె గోళ్ల మీది నల్లరంగు తుడిచేసి, చెప్పులు విడిచి, చల్లబడ్డ వేళ్లను చంకల్లో వెచ్చబెట్టుకునేది. అదే రోజు సాయంత్రం ఒక పాత గోదాములో, ముఖాలకు తెల్లరంగు పూసుకుని దయ్యాలను పిలిచే బ్లాక్ మెటల్ అనే హోరు సంగీతపు బృందంలో, కీబోర్డు మీద వయొలిన్లూ బాకాలూ అన్నీ తానే అయ్యేది. ఆ పాటలకు బాణీలు చర్చి ఆర్గన్ మీదే కట్టింది. ఒకరోజు బృందంలోని గాయకుడు నిలదీశాడు.

“తేల్చుకో అక్కా! మాతో ఉంటావా, దేవుడితోనా?”

“ఇద్దరితోనూ నాకు పేచీ లేదురా. సాధనకి ఆర్గన్ కావాలి, అంతే.”

“అయితే అక్కడే ఉండు.”

ఆమె లేని బృందం రెండు కచేరీలకే చెదిరిపోయింది. ఆ పాటలు వాయించేవాళ్లే లేకపోయారు. ఒక ఆదివారం ప్రార్థనకు ముందు, దయ్యాన్ని పిలిచే పాట బాణీని ఆమె నెమ్మదిగా, చివరిదాకా వాయించింది. ముందు వరుసలోని ముసలివాళ్లు తలలు వంచి కళ్లు మూసుకున్నారు.