సాల్మన్ రాజు మేస్త్రికి అప్పజెప్పాలి

మా సాల్మన్ రాజు మేస్త్రి ఏ మాటైనా చెప్పి ఊరుకునే మనిషి కాదు. విన్నవాళ్ళు దాన్ని అక్కడికక్కడే తిరిగి అప్పజెప్పాలి. అప్పజెప్పేదాకా ఎదురుగా నిలబడి, తల కాస్త పక్కకి వంచి, "ఏటి సెప్పినాను?" అని అడుగుతూనే ఉంటాడు. పలాసలో మా జీడిపప్పు ఫ్యాక్టరీకి ఆయన షెడ్డు మేస్త్రి, నేను లెక్కలు రాసే గుమాస్తాని. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పేటప్పుడు పట్టుకున్న వణుకు, మళ్ళీ ఆయన దగ్గరే పట్టుకుంది.

చేరిన మొదటిరోజే రుచి చూశాను.

"నాగరాజు బావా, బాత్రూం అటేపు."

"సరేనండీ."

"సరే కాదు. ఏటి సెప్పినాను?"

"బాత్రూం అటువైపు."

"ఆఁ, అదీ. ఇంక దారి తప్పవు."

బాత్రూం నా కుర్చీలోంచే కనిపిస్తోంది.

ఇక షెడ్డులో సంగతి చెప్పనే అక్కర్లేదు. బల్లల చుట్టూ కూర్చుని పప్పు ఏరే ఆడవాళ్ళకి ఆయన "విరగని గుండు నీలం ట్రేలో, విడిపోయిన బద్ద పసుపు ట్రేలో" అని చెప్పేవాడు. అందరూ వరసగా తలెత్తి అదే మాట అప్పజెప్పేవారు. ఆ ఒక్క ముక్క షెడ్డంతా తిరిగొచ్చేసరికి నా టీ చల్లారిపోయి, పైన మీగడ కట్టేది.

వాచ్‌మన్ నీలకంఠం ఒకసారి తిరగబడ్డాడు.

"గేటు ముయ్యమన్నావు, మూసీసినాను. కనబడతంది గదా మావా!"

"కనబడింది. ఇనబడనేదు. సెప్పు."

"గేటు మూసినాను, గేటు మూసినాను, గేటు మూసినాను! సాలా?"

"ఒకసారి సెప్తే సాలు. అంత కోపమెందుకు?"

టెక్కలి బస్సులోనూ అంతే. "టెక్కలి ఒకటియ్యి. ఏటి సెప్పినాను?" అని అడిగీ అడిగీ కండక్టరుని ఒక దారికి తెచ్చాడు. ఆయన బస్సెక్కడం చూడగానే కండక్టరే దూరం నుంచి "టెక్కలి ఒకటి అని సెప్పినావు, కూకో!" అని కేకేసేవాడు. చర్చిలో అయితే పాస్టరుగారి ప్రసంగం అవగానే లేచి నిలబడి, వెనక వరసలో కునికే యువరాజు అనే కుర్రాడి వైపు తిరిగి, "అయ్యగారు ఏటి సెప్పినారు?" అనేవాడు. దాంతో వాళ్ళ సంఘంలో ప్రసంగమప్పుడు కునికేవాళ్ళే లేకుండా పోయారు. ఆ ఒక్క పుణ్యానికి పాస్టరుగారు ఆయన్ని ఏమీ అనేవారు కాదు.

కూతురు షైని నిశ్చితార్థం బారువలో జరిగింది, నేనూ వెళ్ళాను. పెళ్ళికొడుకుని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"మా పిల్లని బాగా సూసుకోవాలి. ఏటి సెప్పినాను?"

"బాగా సూసుకోవాలి."

"ఎవుల్ని?"

"షైనిని, మావా."

పెళ్ళికొడుకు తండ్రి నవ్వుతూ, "నేనూ సెప్పాలేటి బావా?" అన్నాడు.

"సెప్పాలి మరి. కాపరం మీ ఇంట్లోనే గదా!"

చివరికి నాయనమ్మతో సహా వాళ్ళింటిల్లిపాదీ అప్పజెప్పాకే భోజనాలు వడ్డించారు. సాల్మన్ రాజు భార్య సువర్ణమ్మ సిగ్గుతో కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వంటల వైపు వెళ్ళిపోయింది.

ఇలా ఉండగా మా యజమాని మేనల్లుడు ప్రేమ్ సాగర్ మేనేజరుగా దిగాడు. విశాఖపట్నంలో చదివాడు. మంచివాడే, కాకపోతే తొందరెక్కువ. షెడ్డులో అప్పజెప్పుడు చూసి నెత్తి పట్టుకున్నాడు.

"ఒక్క మాటకి ఇంత ఊరేగింపేంటండీ? రేపట్నుంచి నేనే మైకులో చెప్తాను. ఇది బంద్."

"సరే బాబూ," అన్నాడు సాల్మన్ రాజు. అంతే, ఇంకేమీ అడగలేదు. ఈయనకి ఒంట్లో బాగులేదేమోనని నాకు భయం వేసింది.

మర్నాడు మేనేజరు తన గదిలో కూర్చుని మైకులో ట్రేలు మార్చాడు. ఇకమీదట గుండు పసుపు ట్రేలో, బద్ద నీలం ట్రేలో వెయ్యాలి. సరుకు తెమ్మని సాల్మన్ రాజుని పొద్దున్నే బస్తాల గోడౌనుకి పంపించేశాడు. మధ్యాహ్నానికి చూస్తే అందరూ ఎవరి హడావిడిలో వాళ్ళు మార్చారు గానీ కిటికీ పక్కన అటు తిరిగి ఒక్కతే కూర్చునే రత్నాలమ్మ మాత్రం పాత పద్ధతిలోనే పోస్తోంది. ఆమె ట్రేలు మిగతావాటితో కలిసిపోయి పూటంతా ఏరిన పప్పు మళ్ళీ ఏరాల్సొచ్చింది.

ప్రేమ్ సాగర్ ఆమె వెనక నిలబడి "రత్నాలమ్మా!" అని అరిచాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంకోసారి అరిచాడు. ఆమె పప్పు ఏరుకుంటూనే ఉంది.

"ఎంత పొగరు! నాగరాజుగారూ, రేపట్నుంచి ఈవిణ్ణి రావద్దని చెప్పండి."

రత్నాలమ్మ భర్తది డయాలసిస్ బతుకు, ఇల్లంతా ఆమె కూలి మీదే నడుస్తోంది. అంతలో గోడౌను నుంచి వస్తూ ఆ మాట విన్న సాల్మన్ రాజు గబగబా దగ్గరికొచ్చాడు.

"బాబూ, ఆ మాట మీరే సెప్పండి. ఎనకనుంచి కాదు, ఎదరకొచ్చి, మొకం సూసి సెప్పండి."

ప్రేమ్ సాగర్ విసురుగా ముందుకొచ్చి ఏదో అన్నాడు. రత్నాలమ్మ ఉలిక్కిపడి లేచి, ఆయన నోటివంక చూసి, బిక్కుబిక్కుమంటూ సాల్మన్ రాజు వైపు తిరిగింది.

"బాబు ఏటంతన్నారు మావా?"

ప్రేమ్ సాగర్ మొహంలో కోపమంతా దిగిపోయింది. "ఈవిడకి వినపడదా?"

"జొరమొచ్చి సెవులు పోనాయి బాబూ, శానా ఏళ్ళయింది. ఎదర నిలబడి సెప్తే పెదాలు సూసి తెలుసుకుంటాది. పనిలో దీన్ని మించినోల్లు నేరు. అయినా మీ మావగారికి తెలిత్తే మిసన్లున్న సోట సెవులు ఇనబడనోల్లు వద్దంతారని బయిం. తెలిసిందా నేదా అని దీన్నొక్కదాన్నే అడిగితే అందరికీ తెలిసిపోద్ది. అందుకని అందర్నీ అడిగీవోణ్ణి."

నేను ఆగలేకపోయాను. "మరి కండక్టరునెందుకు మేస్త్రీ? చర్చిలో యువరాజునీ, వియ్యంకుణ్ణీ ఎందుకు?"

"షెడ్డులో ఒకలాగ, బయట ఒకలాగుంటే అనుమానం రాదేటి బావా?"

ఒక మనిషి చెవుల సంగతి దాచడానికి ఊరందరి చేతా చాదస్తుడనిపించుకున్న ఆ మహానుభావుణ్ణి చూస్తే నాకు నవ్వొచ్చింది. కౌగిలించుకోవాలనీ అనిపించింది. ఈలోగా పక్క బల్ల దగ్గర కుసుమ కిసుక్కుమంది.

"నువ్వొక్కడివే దాసినాననుకుంతన్నావా మావా? మాకందరికీ తెల్సు. నువ్వు దాత్తన్నావు గదాని మేమూ తెలీనట్టు అప్పజెప్తన్నాం."

షెడ్డు మొత్తమ్మీద తెలియనిది మేనేజరుకీ నాకూనన్నమాట.

ప్రేమ్ సాగర్ రత్నాలమ్మతో, "తప్పు నాదేనమ్మా. మీరు పనిలోనే ఉంటారు," అన్నాడు. ఆమె మళ్ళీ సాల్మన్ రాజు వైపే చూసింది. ఆయన ఆ మాట చెప్పాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, కాస్త ధైర్యం తెచ్చుకుని అంది:

"బాబు మంచోరే మావా. గానీ నోరెక్కడుందో తెల్డం నేదు. అంతా గెడ్డమే కనబడతంది."

షెడ్డంతా గొల్లుమంది. ప్రేమ్ సాగర్ ముచ్చటపడి పెంచుకున్న గుబురు గడ్డాన్ని నిమురుకుంటూ తన గదిలోకి వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున్న నున్నటి మొహంతో ఇంటర్ కుర్రాడిలా ఒకడు వస్తే నీలకంఠం గేటు దగ్గరే ఆపాడు. "ఉజ్జోగాలు కాళీ నేవు బాబూ!" ఆ కుర్రాడు నవ్వి, లోపలికొచ్చి, రత్నాలమ్మ ఎదురుగా స్టూలు వేసుక్కూర్చుని, ఆ రోజు పనంతా నెమ్మదిగా చెప్పాడు. ఆమె ఆ బోసి గడ్డంవంక చూసి నిండుగా నవ్వింది.

"ఇప్పుడు బాగా ఇనబడతంది బాబూ!"