బీదర్ ఎక్కుడులో నేను చేసింది

నలభై ఏళ్ళకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భార్యకు తెలియదు. పిల్లలకు తెలియదు. మోసీ మోసీ అలవాటైపోయిందని కూడా చెప్పలేను. మా ఊళ్ళో గట్టు తగాదా వచ్చినా, అన్నదమ్ముల పంపకాలైనా నన్నే పిలుస్తారు. "ఆయన అబద్ధమాడడు" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. మొదట వాళ్ళ మీద, వెంటనే నా మీద. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఇది కూడా పిరికితనమే అంటారా? అనండి.

డెబ్బైల చివరి మాట. మాది ఝరాసంగం దగ్గర ఒక పల్లె. ఊళ్ళో అందరికంటే ఎక్కువ భూమి మా నాన్నది. నేను జహీరాబాద్‌లో ఇంటర్ చదువుతున్నాను. దేవదానం నా క్లాసే, మా ఊరే. వాళ్ళ నాన్న మత్తయ్య మా చేలల్లో పనిచేసేవాడు. మా ఇద్దరికీ తోడు రఫీ. వాళ్ళ మామకు టౌన్‌లో సైకిల్ టాక్సీ దుకాణం ఉండేది. ఆదివారం వస్తే ముగ్గురం సైకిళ్ళేసుకుని కోహీర్ దాకా పోయి వచ్చేవాళ్ళం. నాది సొంత సైకిల్. దేవదానంది రఫీ వాళ్ళ దుకాణంలోని కిరాయి సైకిల్. పెడల్ మీద రబ్బరు కూడా ఉండేది కాదు. అయినా ఎత్తు ఎక్కాల్సి వస్తే ముందుండేది అతనే. నేను పళ్ళు బిగించి తొక్కుతుంటే అతను పైన చెట్టు కింద కాలు ఆనించి నిలబడి నాకోసం చూస్తుండేవాడు. నవ్వేవాడు. ఆ నవ్వులో ఎగతాళి లేదు. నాకే కనిపించేది.

ఆ ఏడు జనవరిలో జెండా పండుగనాడు టౌన్‌లో సైకిల్ పందెం పెట్టారు. జహీరాబాద్ నుంచి బీదర్ పోయి, అక్కడ చేతి మీద ముద్ర వేయించుకుని తిరిగి రావాలి. రానూ పోనూ అరవై కిలోమీటర్ల పైమాటే. దారంతా ఎగుడుదిగుళ్ళు, బీదర్ ముందు పెద్ద ఎక్కుడు. మొదటి బహుమతి కొత్త సైకిల్. దేవదానానికి అది కావాలి. రోజూ ఊరి నుంచి కాలేజీకి సగం దూరం నడిచి, సగం దూరం ఎవరి బండో పట్టుకుని వచ్చేవాడు. నాకు సైకిల్ ఉంది. నాకెందుకు? మరి ఎందుకు పోయాను? దోస్తులం కదా, కలిసే పోదామనుకున్నాం. గుర్తుగా ముగ్గురం తలకు ఎర్ర దస్తీలు కట్టుకున్నాం. ఆ ఆలోచన నాదే.

బయలుదేరే ముందు మా నాన్న నవ్వుతూనే ఒక మాట అన్నాడు. "మత్తయ్య కొడుకు ఎనకాల వచ్చినవంటే ఇంట్ల మొఖం చూపియ్యకు." చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వి ఊరుకుని ఉండాల్సింది. ఆ మాటను మనసులో పెట్టుకుని ముప్పై కిలోమీటర్లు తొక్కాను.

రఫీ టైరు సగం దారిలోనే పంక్చరైంది. అతను ఆగిపోయాడు. ఎక్కుడు మొదలయ్యేసరికి నేనూ దేవదానమే మిగిలాం, మిగతావాళ్ళు బాగా వెనకబడ్డారు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. నా తొడలు కొయ్యబారాయి. దేవదానం అప్పటికే ఒక మలుపు ముందున్నాడు. అప్పుడు చెరకు లోడుతో ఒక లారీ మూలుగుతూ వచ్చింది. నాకంటే కొంచెమే జోరుగా, మెల్లగా నన్ను దాటింది. వెనక తలుపు గొలుసు వేలాడుతోంది. పట్టుకున్నాను.

ఎంత తేలికో మీకు తెలియదు. ఒక చేతిలో హ్యాండిల్, ఒక చేతిలో గొలుసు. కాళ్ళు ఊరికే ఉన్నాయి, కొండ తనంతట తాను కిందికి జారిపోతోంది. దేవదానం పక్క నుంచి పోతున్నప్పుడు అతను తల తిప్పి నన్ను చూశాడు. చెమటలో కళ్ళు సగం మూసుకుపోయి ఉన్నాయి.  నేను గొలుసు వదల్లేదు.

బీదర్‌లో మొదటి ముద్ర నా చేతి మీదే పడింది. కానీ తిరుగు దారిలో, ఒక చిన్న ఎత్తు మీద, అతను నన్ను అందుకున్నాడు. సీటు మీంచి లేచి తొక్కుతూ దాటి పోయాడు. లారీ పట్టుకుని కూడా నేను రెండోవాణ్ణే అయ్యాను. ఇప్పుడు రాస్తుంటే నాకే అసహ్యంగా ఉంది.

వెనకాల మోటార్‌సైకిల్ మీద వచ్చిన కమిటీ మనిషి ఒకడు కింది మలుపులోంచి చూశాడట. ఎర్ర దస్తీ కట్టినవాడు లారీ పట్టుకుని ఎక్కాడని చెప్పాడు. మొఖం కనిపించలేదన్నాడు. కమిటీ పెద్ద మా నాన్నకు తెలిసినవాడు. దేవదానాన్ని అడగలేదు. నా భుజం మీద చెయ్యి వేసి నన్ను అడిగాడు.

"నువ్వైతే గసొంటి పని జెయ్యవ్ బిడ్డా, మీ నాయిన నాకెర్కే. మరి ఎవ్వడు పట్టుకున్నడో చూసినవా?"

నేను ఊరుకున్నా సరిపోయేది. అనుమానం ఎటు పోవాలో అటే పోయేది. ఆ మాత్రం సిగ్గు కూడా లేకపోయింది నాకు. నోరు తెరిచి, గట్టిగా, అందరికీ వినబడేటట్టు చెప్పాను.

"దేవదానం పట్టుకున్నడు. నేను చూసిన."

ఎవరో ఇచ్చిన సోడా బుడ్డి అతని చేతిలో ఉంది. ఇంకా తాగలేదు. నా వైపు చూశాడు. తర్వాత గుంపులో వాళ్ళ నాన్న వైపు చూశాడు. ఒక్క మాట అనలేదు. మత్తయ్య గుంపులోంచి వచ్చాడు, కాలి చెప్పు తీశాడు, అంతమంది ముందు కొడుకును కొట్టాడు. తల మీద, వీపు మీద. దస్తీ ఊడి మట్టిలో పడింది. ఆ గుంపులో ఒక్కడైనా ఆపాడా? ఒక్కడైనా "వాణ్ణి గూడ అడుగున్రి" అన్నాడా? కొట్టి కొట్టి మత్తయ్య అలిసిపోయాక మా నాన్న "ఇగ చాలు తియ్యి మత్తయ్యా" అన్నాడు, దయ చూపిస్తున్నవాడిలాగ. ఆ గొంతు గుర్తొస్తే ఇప్పటికీ నా పిడికిళ్ళు బిగుసుకుంటాయి. నాన్న మీద, కమిటీ మీద, ఆ గుంపు మీద ఏళ్ళ తరబడి కోపం పెంచుకున్నాను. అది హాయిగా ఉండేది. వాళ్ళను తిట్టుకుంటున్నంతసేపు నన్ను చూసుకోనక్కర్లేదు కదా.

మర్నాడు పొద్దున దేవదానం మా బావి దగ్గరికి వచ్చాడు. నా దగ్గర తీసుకున్న రెండు పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి. కన్ను కింద కమిలి ఉంది.

"నువ్వు లారీ పట్టుకున్నది నేను చూసిన" అన్నాడు.

"తెల్సు."

"మరి నిన్న నేనెందుకు నోరు తెర్వలేదో తెల్సా?"

నేను బావిలోకి చూశాను.

"నేను నిజం జెప్తే మా నాయిన ఇయ్యాల ఎవ్వల చేన్ల పనికి పోతడు? గా ఒక్క ఫికర్‌తోని ఊకున్న. నీ మీద దోస్తాన్‌తోని కాదు. గది సమజ్ చేస్కో."

"దేవదానం, నేను..."

"పేరు వెట్టి పిల్వకు. నేను గూడ ఇగ నిన్ను పిల్వ. నువ్వు పటేల్‌వి. నేను మత్తయ్య కొడుకుని. గంతే."

పుస్తకాలు మోట రాయి మీద పెట్టి పోయాడు. నెల తిరగకముందే చదువు మానేసి, మేస్త్రీల ముఠాతో షోలాపూర్ వైపు వెళ్ళిపోయాడు. కొత్త సైకిల్ నాకొచ్చింది. పారేశానని, ఎవరికో దానం చేశానని రాయాలని ఉంది. లేదు. డిగ్రీ అయ్యేదాకా దాన్నే తొక్కాను. మంచి సైకిల్.

ఇక్కడితో అయిపోతే ఏదో కుర్రతనం అని మీరూ నేనూ సర్దుకునేవాళ్ళం. అయిపోలేదు.

ఎనభైల మధ్యలో మత్తయ్య మంచాన పడ్డాడు. జహీరాబాద్ దవాఖానాలో చూపించి, లాభం లేదని ఇంటికి తెచ్చారు. ఇప్పుడైనా చెప్పెయ్యాలని వెళ్ళాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. నన్ను చూసి ఆ మనిషి లేవబోయాడు. వద్దని పట్టుకున్నాను. చెయ్యి ఎండు పుల్లలా ఉంది.

"మావోడు జేసిన తప్పు మనసుల వెట్టుకోకు పటేలా" అన్నాడు. "గాడు ఉత్తరం గూడ రాస్తలేడు. నలుగుర్ల కొట్టిన్నని కోపం. తప్పు జేస్తే కొట్టనా మరి? నువ్వే జెప్పు."

నన్నే అడిగాడు. చెప్పడానికే వెళ్ళాను. దేవదానం వదిన గుమ్మంలో నిలబడి ఉంది, పక్కింటివాళ్ళు ఇద్దరు కూర్చుని ఉన్నారు. అందరూ నా నోటి వైపు చూస్తున్నారు.

"కొట్టాలె మత్తయ్యా" అన్నాను.

ఆయన తలూపాడు. కళ్ళు మూసుకున్నాడు. నిమ్మళపడినట్టున్నాడు. పది రోజుల్లో పోయాడు.

పందెం నాడు నాకు పద్దెనిమిదేళ్ళు, భయం, రోషం. ఆ మంచం దగ్గర ఏముంది? నాన్న లేడు, కమిటీ లేదు, బహుమతి లేదు. ఇద్దరు పక్కింటివాళ్ళ ముందు నా పరువు, అంతే. కొడుకు తప్పు చేయలేదని ఆ తండ్రికి చెప్పగలిగినవాళ్ళం లోకంలో ఇద్దరమే. ఒకడు చెప్పినా నమ్మరు. నమ్మేది నా మాటనే, నేనేమో కొట్టాలె అన్నాను. ఎవరి మీద వేసుకోను ఈ కోపాన్ని? తిప్పి తిప్పి చూశాను. ఇంకెవరూ లేరు.

పూడ్చిపెట్టిన మర్నాటికి దేవదానం వచ్చాడు. కబురు ఆలస్యంగా అందిందట. బస్సు దిగి, నలిగిన చొక్కాతో, నేరుగా సమాధుల వైపు నడిచి వెళ్ళాడు. నేను దూరం నుంచి చూశాను. పలకరించలేదు. ఇప్పుడు ఎక్కడున్నాడో కనుక్కోవడం పెద్ద పనేమీ కాదు. కనుక్కోలేదు. కాళ్ళ మీద పడితే నా బరువు దిగుతుందేమో. దాన్ని మోయాల్సింది మళ్ళీ అతనేనా? ఇదొక సాకు కాదని కూడా గట్టిగా చెప్పలేను.

క్షమించమని మిమ్మల్నీ అడగను. మీ చేతుల్లో లేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా గొంతు దాటని మాటను కాయితం మీద పెట్టాలనుకున్నాను, అంతే. రెండుసార్లు చింపేశాను. ఈసారి చింపను.

లారీ గొలుసు పట్టుకున్నది నేను. మత్తయ్య కొడుకు ఆ కిరాయి సైకిల్ మీద బీదర్ ఎక్కుడు మొత్తం తన కాళ్ళతోనే ఎక్కాడు. అందరికంటే ముందు వచ్చాడు.