మా ఇంటి సగటు

నేను ఇంతకుముందు ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఎలా మొదలుపెట్టాలో కూడా తెలియడం లేదు. ఇది డెబ్బైల నాటి మాట. మాది కొండపల్లి. నాన్న బొమ్మలు చెక్కేవాడు. వాటికి రంగులు వేయడానికి మనిషి కావాలని, ఐదో తరగతి కాగానే నన్ను బడి మాన్పించాడు. "అన్నయ్య పదో తరగతి పరీక్షలు అవనీ, నిన్ను ఆరులో చేరుస్తా" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఎదురుచూస్తూ కూర్చున్నాను.

లెక్కల పరీక్ష ముందురోజు అన్నయ్య సగటు, మధ్యగతం, బాహుళకం వల్లె వేస్తున్నాడు. ఉదాహరణకి మా ఇంట్లోవాళ్ల చదువులే తీసుకున్నాడు. అమ్మ సున్నా, నాన్న ఐదు, నేను ఐదు, తను పది.

"అన్నీ కూడి నలుగురికీ పంచితే సగటు ఐదు. వరసలో పెడితే మధ్యలో వచ్చేదీ ఐదే. ఎక్కువసార్లు వచ్చేదీ ఐదే. మూడూ ఒకటే నాన్నా!" అని ఎగిరాడు.

నాన్న ఉలి ఆపి నవ్వాడు. "చూశావా అమ్మాయ్, నువ్వు సరిగ్గా ఇంటికి తగ్గట్టే ఉన్నావు. ఇంకా ఆరెందుకే?"

"నేను చదివితే సగటు పెరుగుద్ది కదా నాన్నా" అన్నాను, కుంచె పక్కన పెట్టి.

"పెరిగితే ఈ బొమ్మలకి రంగులెవరేస్తారే? నీ సగటొచ్చి వేస్తుందా?"

అన్నయ్య పగలబడి నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. నేను మళ్లీ కుంచె తీసుకున్నాను.

అన్నయ్య పాసై బెజవాడ కాలేజీలో చేరాడు. మా ఇంటి సగటు పెరిగింది. నా ఐదు మాత్రం ఐదుగానే ఉండిపోయింది.