మావయ్య కారుకి ముక్కు

ఇప్పటి పిల్లలకి కారంటే తాళం తిప్పగానే కదిలే వస్తువు. ఆ రోజుల్లో బెజవాడలో కారున్నవాడికి నడపడం ఒక్కటే వస్తే చాలేది కాదు. దాన్ని బతిమాలడం, బెదిరించడం, నడిరోడ్డు మీద ఆగిపోతే నలుగురిని నవ్వుతూ పోగుచేసి తోయించడం కూడా వచ్చి ఉండాలి. డెబ్భైల మొదట్లో నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి, ఆటోనగర్‌లో ఒక షెడ్డులో కొత్తగా పనికి చేరాను. ఇంజను ఉన్న ప్రతి వస్తువూ నన్ను చూడగానే ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తుందని నా నమ్మకం. (షెడ్డులో ఇంకెవరికీ ఈ నమ్మకం లేదు. ఉన్న ఒక్కడికీ దండిగా ఉంది కాబట్టి లోటు తెలియలేదు.) అలాంటి రోజుల్లోనే మా చినమావయ్య పెళ్ళి నా చేతుల్లో పడింది.

చినమావయ్య అంటే మా అమ్మకి ఆఖరి తమ్ముడు. గవర్నర్‌పేటలో సైకిల్ సామాన్ల కొట్టు ఉండేది. ముప్ఫై దాటినా పెళ్ళి కాలేదు. పిల్లని చూసుకోవాల్సిన వయసులో ఆయన కారుని చూసుకున్నాడు మరి. అది ఎవరో దొరగారు వదిలేసి వెళ్ళిన ఇంగ్లీషు కారు. పైకి నిగనిగలాడేది గానీ పెట్రోలు టాంకు మాత్రం తుప్పు పట్టి జల్లెడైపోయింది. కొత్తది కొందామంటే మద్రాసులో కూడా దొరకలేదు. దాంతో మావయ్యా నేనూ కూర్చుని, టాంకు మనమే చేయించి డిక్కీలో బిగిద్దామని తీర్మానించాం. చేసేదెవరు? కొట్టు పక్క సందులో ట్రంకుపెట్టెల సాయిబు గారున్నారు. ఆయన చేసిన పెట్టెలో పట్టుచీర పెడితే మనవరాలి పెళ్ళికి కూడా మడత నలగకుండా తీయొచ్చని ఊళ్ళో చెప్పుకునేవారు. కొలతలు నేనిచ్చాను. ఆయన రేకు వంచి, అంచులు మడిచి, అతుకుల మీద సీసం కరిగించి మాట్లు వేసి, ముచ్చటైన టాంకు చేసి, మూతకి రబ్బరు వాషర్ కూడా పెట్టిచ్చారు. "చీమ దూరదు బాబూ, నీళ్ళు పోవు, గాలి కూడా పోదు. సాయిబు పెట్టె ఇది!" అన్నారు. మేమిద్దరం పొంగిపోయాం. గాలి కూడా పోదన్న మాట దగ్గర డిప్లొమావాడిగా నేను కాస్త ఆగి ఆలోచించాల్సింది. ఆగలేదు.

కొత్త టాంకు బిగించి, ఎలా నడుస్తుందో చూద్దామని బందరు రోడ్డెక్కితే, ఆ కారు కంకిపాడు దాటగానే ఆగింది. ప్లగ్గులు చూశాను, వైర్లు చూశాను, ఎవరూ అడక్కపోయినా చుట్టూ చేరినవాళ్ళకి కార్బురేటరు గురించి కొంత చెప్పాను. చివరికి పెట్రోలు ఉందో లేదో చూద్దామని మావయ్య టాంకు మూత తిప్పాడు. "హుస్స్" మని పెద్ద నిట్టూర్పు. వెంటనే బండి స్టార్టయింది. మరికొంత దూరం పోయి మళ్ళీ ఆగింది. మళ్ళీ మూత, మళ్ళీ నిట్టూర్పు. "మూత తీస్తే బతుకుతోంది, పెడితే చస్తోంది. దీనికి ఏదో పట్టిందిరా" అన్నాడు మావయ్య. అప్పుడు నాకు వెలిగింది. "ఏదీ పట్టలేదు మావయ్యా, ఊపిరాడటంలేదు. అమ్మ నూనెడబ్బాకి రెండు చిల్లులు పొడుస్తుంది చూడు, ఒకటి నూనె రావడానికి, ఇంకోటి గాలి పోవడానికి. లోపలున్న పెట్రోలు తగ్గేకొద్దీ బయటి గాలి లోపలికి పోవాలి. లేకపోతే పంపు ఎంత లాగినా పెట్రోలు రాదు" అన్నాను. ఆ మాట నా నోట్లో ఉండగానే మావయ్య మేకూ సుత్తీ తీసి మూతకి టక్కున చిల్లు పొడిచేశాడు. నేను కూడా పెద్ద ఇంజనీరులా తలాడించాను. కారు ఇంటిదాకా ఆగకుండా వచ్చింది. ఆ పూట మా ఆనందానికి హద్దు లేదు.

హద్దు ఆ వచ్చే ఆదివారం కనపడింది. ఆ రోజు కూచిపూడి దగ్గర పల్లెటూళ్ళో మావయ్యకి పెళ్ళిచూపులు. అమ్మ, మావయ్య, నేను కారులో బయల్దేరాం. పళ్ళు, స్వీట్లు, అమ్మాయి తలలో పెట్టడానికి మల్లెపూల దండ, అన్నీ డిక్కీలో భద్రంగా సర్దాం. డిక్కీలోనే టాంకు, టాంకు మూతకి చిల్లు. కాలవగట్టు మలుపులు తిరిగినప్పుడల్లా ఆ చిల్లులోంచి పెట్రోలు చిమ్మిందనీ, ఎండకి ఆవిరి మొత్తం డిక్కీలోనే ఉడికిందనీ అప్పుడు మాకు తెలీదు. మావయ్యకీ నాకూ ఆ వాసన అలవాటే. అమ్మకి ఆ వేళ జలుబు. పెళ్ళిచూపులు దివ్యంగా నడుస్తున్నాయి. అమ్మాయి చక్కగా ఉంది, మావయ్య నాలుగైదు సార్లు దొంగచూపులు చూశాడు, ఆవిడ రెండుసార్లు చూసింది. అప్పుడు అమ్మ లేచి, ఆనవాయితీ ప్రకారం మల్లెదండ ఆ అమ్మాయి జడలో ప్రేమగా తురిమింది. అంతే! పిల్ల మొహం తెల్లబడింది, చేతిలో పళ్ళెం కింద పెట్టి నోటికి కొంగు అడ్డుపెట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది. మావయ్య మొహం చూడాలి. తన్ను చూసి వాంతి చేసుకునే పిల్ల కూడా ఉంటుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

రెండు రోజులకి మధ్యవర్తి కొట్టు దగ్గరికి కబురు మోసుకొచ్చాడు. "అబ్బాయి నచ్చాడండీ. ఆ వాసనే పడలేదు. పిల్లకి చిన్నప్పట్నుంచీ పెట్రోలు వాసనంటే కడుపులో తిప్పేస్తుందంట. బస్సెక్కాలన్నా భయమేనంట. రేపు పెళ్ళయ్యాక ఆ కారులోనే కదండీ తిరగాలి? వాళ్ళ నాయనమ్మగారు ఏమంటున్నారంటే, దుర్గమ్మ దర్శనానికి మీ కారులోనే వస్తారంట. పిల్ల బెజవాడ దాకా ముక్కు మూసుకోకుండా వస్తే తాంబూలాలు పుచ్చుకుందాం, లేదంటే ఎవరిదోవ వాళ్ళదేనన్నారు." మధ్యవర్తి వెళ్ళాక మావయ్య చాలాసేపు ఒక సైకిల్ బెల్లు మోగిస్తూ కూర్చున్నాడు. తర్వాత, "ఒరేయ్, నాకు ఆ పిల్ల కావాలిరా. ఈ కారూ కావాలి. రెండూ నీ చేతుల్లోనే ఉన్నాయి" అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. నేను ఛాతీ విరిచి, "నీ పెళ్ళి నా పూచీ మావయ్యా" అన్నాను. (ఆ వయసులో పూచీ పడటం నాకు తుమ్మినంత తేలిక.)

నిజం చెప్పొద్దూ, ఆ పని మాత్రం బాగా ఆలోచించి చేశాను. టాంకుకి గాలి కావాలి, వాసన మాత్రం మనుషుల దాకా రాకూడదు. మూతకి చిల్లు పనికిరాదు. టాంకు నెత్తి మీద, అన్నిటికన్నా ఎత్తైన చోట సన్నని రాగి గొట్టం అతికించాలి. అది ముందు పైకి పోవాలి, మూత కంటే ఎత్తుకి, డిక్కీ తలుపు బందు దాకా. అక్కడ ఒక వంపు తిరిగి కిందకి దిగి, డిక్కీ అడుగులోంచి బయటికి పోయి, నేలవైపు నోరు పెట్టాలి. మలుపుల్లో పెట్రోలు ఎగిరినా అంత ఎత్తు ఎక్కలేదు. ఆవిరి కారు కిందనుంచి గాలిలో కలిసిపోతుంది. ఇదంతా సాయిబు గారికి బొమ్మ గీసి చెబితే, ఆయన బొమ్మ చూడకుండా నా మొహమే చూశారు. "నా పెట్టెకి చిల్లు పడిందని ఇన్నేళ్ళలో ఒక్కడు రాలేదు బాబూ. మీరొచ్చి చిల్లు పెట్టమంటారా, నా చేత్తోనే?" "చిల్లు కాదు సాయిబు గారూ, ముక్కు. మనిషికి ముక్కుంటే చిల్లు పడ్డట్టా?" ఆయన తన ముక్కు ఒకసారి తడుముకుని ఆలోచించారు. "ముక్కయితే పెడతా" అన్నారు. ఆ తర్వాత నన్ను ఏ తొందరా పెట్టనివ్వలేదు. పెట్రోలు చూసిన టాంకు దగ్గరికి నిప్పు తేవడమంటే మాటలు కాదు. దాన్ని కడిగి, మూత తీసి రోజుల తరబడి ఎండబెట్టి, గొంతుదాకా నీళ్ళు నింపి అప్పుడు మాటు వేశారు. మావయ్య కొట్లోంచి సైకిల్ పంపు తెచ్చి మెల్లగా గాలి కొట్టాం. అతుకులన్నిటి మీదా సబ్బునురగ రాస్తే ఒక్క బుడగ లేవలేదు. కొత్త మూత గట్టిగా బిగించాం. ఆటోనగర్ చుట్టూ ముప్పుతిప్పలు పెట్టి తిప్పాం. ఆగలేదు, కారలేదు, డిక్కీలో తల పెట్టి పీల్చినా రేకు వాసన తప్ప ఇంకేమీ లేదు. దొరికినవాణ్ణల్లా పిలిచి పీల్చమన్నాను.

అనుకున్న రోజున మావయ్య ఇస్త్రీ తెల్లచొక్కాలో, నేను విజేతలా కూచిపూడి వైపు వెళ్ళాం. వాళ్ళ నాన్నగారు కారు చుట్టూ ఒకసారి తిరిగి, "నేను బస్సులో వస్తాలెండి" అన్నారు. నాయనమ్మగారు మాత్రం బండి అమ్మవారి దగ్గరికి పోతోందని పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచి, కొబ్బరికాయ కొట్టి హారతిచ్చింది. వెనక సీట్లో ఆవిడా మనవరాలూ, ముందు మేమిద్దరం. పామర్రు దాటాం. దారి పొడుగునా వెనక్కి తిరిగి ముక్కు గొట్టం మహిమ వాళ్ళకి వివరిస్తూనే ఉన్నాను. ఉయ్యూరు పొలిమేరల్లో, చెరుకుబళ్ళ మధ్యన, కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

మావయ్య స్టీరింగ్ మీద తల ఆన్చేశాడు. నేను మాత్రం చలించలేదు. దిగి డిక్కీ తెరిచి మూతని అర చుట్టు తిప్పాను. "హుస్స్"! ఠక్కున బిగించేసి, "టాంకు బాగానే ఉంది, పంపు బాగానే ఉంది. ముక్కు మూసుకుపోయింది. అంతకు మించి ఏమీ కాదు" అని ప్రకటించాను. మూత వదులుగా పెట్టి పోవచ్చు గానీ, అప్పుడు వాసన, వాసనతో సంబంధం, రెండూ గాల్లో కలుస్తాయి. కిందకి వంగి చూస్తే గొట్టం నోట్లో పచ్చగా ఏదో ఉంది. అప్పటిదాకా మాతో ఒక్క మాట కూడా మాట్లాడని పెళ్ళికూతురు మెల్లగా, "నాయనమ్మా, పొద్దున నువ్వు పసుపుముద్ద పెట్టింది ఆ గొట్టానికేగా?" అంది. "ఆఁ, పెట్టా. నోరు తెరుచుకుని ఉంది, కందిరీగ గూడు పెడితే ఎట్టా? మూయొద్దూ?" అంది నాయనమ్మగారు ఎంతో నిబ్బరంగా. పంపు లాగేకొద్దీ ఆ ముద్ద ఇంకా లోపలికి బిగుసుకుపోయింది. పొడవడానికి సన్నటిదేదీ మా దగ్గర లేదు. ఆ అమ్మాయి తన జుట్టులోంచి పక్కపిన్ను తీసి, వంపు సాగదీసి, కిటికీలోంచి నాకు కాకుండా మావయ్యకి అందించింది. మావయ్య ఆ తెల్లచొక్కాతోనే రోడ్డు మీద వెల్లకిలా పడుకుని కారు కిందకి దూరాడు. పసుపంతా ఆయన చొక్కా మీద రాలింది. ఆ తర్వాత కారు దుర్గమ్మ కొండ కిందకి చేరేదాకా ఆగలేదు.

"పిల్ల ముక్కు మూసుకోలా. నేను చూస్తానే ఉన్నా" అని నాయనమ్మగారు తీర్పు చెప్పింది. ఆ నెలలోనే తాంబూలాలు, ఆ వెంటనే పెళ్ళి. ఒక్క చుక్క కారకుండా, ఒక్క పిసరు వాసన రాకుండా పెళ్ళి కుదిర్చిన టాంకు అని నేను గన్నవరం నుంచి బందరు దాకా చెప్పుకు తిరిగాను. ఉద్యోగం మారినా, ఊళ్ళు మారినా, రిటైరైనా చెబుతూనే ఉన్నాను.

మొన్న అత్తయ్యని చూడటానికి వెళ్ళి, ఆవిడ మనవల ముందు కూడా అదే కథ మొదలుపెట్టాను. ఒక్క పిసరు వాసన రాలేదన్న దగ్గర అత్తయ్య నవ్వాపుకోలేకపోయింది.

"ఆ రోజు కారంతా పెట్రోలు వాసనేరా."

"అసంభవం అత్తయ్యా! డిక్కీలో తల పెట్టి పీల్చాం."

"కారుది కాదురా. నీది. చేతులూ, చొక్కా, జుట్టూ, అన్నీ పెట్రోలే. నువ్వేమో గొట్టం గొట్టమని చెయ్యి ఊపుకుంటా మా మొహాల్లోకి వెనక్కి తిరుగుతావు."

"మరి అప్పుడే చెప్పలేదేం?" అన్నాను.

"ముక్కు మూసుకుంటే నాయనమ్మ సంబంధం వద్దనేది. నాకేమో మీ మావయ్య నచ్చారు. అందుకే, నువ్వు ఇటు తిరిగినప్పుడల్లా ఊపిరి బిగబట్టా, అటు తిరిగాక వదిలా. బెజవాడ దాకా అట్టానే వచ్చా."

నేను టాంకుకి ఊపిరి పోశానని గొప్పలు చెప్పుకుంటున్నంతసేపూ, వెనక సీట్లో ఒక అమ్మాయి మా మావయ్య కోసం తన ఊపిరి బిగబట్టుకుని కూర్చుందన్నమాట. పిల్లలు పగలబడి నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఎవరూ చూడకుండా రెండు చేతులూ వాసన చూసుకున్నాను. సబ్బు వాసన తప్ప ఇంకేమీ లేదు. ఎందుకో కాస్త దిగులేసింది.