జ్ఞానమ్మ చేతికి తెలిసిన బుష్

2022, కరోనా తరవాత రేసు ట్రాక్‌లు మళ్లీ తెరుచుకున్న ఎండాకాలం. కోవిల్‌పట్టి బైపాస్ పక్కన నేను వర్క్‌షాపు పెట్టి అప్పటికి ఇరవై రెండేళ్లు. వచ్చేవన్నీ వ్యాన్లు, ట్రాక్టర్లు, అగ్గిపెట్టెల లోడు మోసే మినీ లారీలు. స్పోర్ట్స్ కారు మాత్రం ఒక్కటే వచ్చేది. అది కయత్తారు గాలిమరల దగ్గర ఇంజినీరుగా పనిచేసే శ్రీనివాసన్‌ది. పాతికేళ్ల కిందటి విదేశీ బండి. సెలవు దొరికితే కోయంబత్తూరు వైపు ట్రాక్‌కి తీసుకెళ్లి, తనలాంటి సరదా డ్రైవర్లతో పోటీపడేవాడు.

ఆ ఏప్రిల్‌లో దాన్ని లారీ మీద ఎక్కించుకుని వచ్చాడు. మొహంలో రక్తం లేదు.

"బ్రేక్ తొక్కితే ఎడమకి లాగేసిందన్నా. గోడకి ఇంత దూరంలో నిలిచింది," అని రెండు చేతులూ చాపి చూపించాడు. "మా ఇంటామె ఆడనే నిలబడి చూస్తా ఉండాది. నెలలో పోటీ. ఇది సరి కాకుంటే ఇంక పొయ్యేది లేదు."

బండిని పైకెత్తి చూస్తే కారణం తెలిసింది. చక్రాన్ని బండికి కలిపే ఇనుప చేతిని ఆర్మ్ అంటారు. ఆర్మ్ బండికి తగులుకునే చోట రెండు ఇనుప గొట్టాల మధ్య రబ్బరు ఉంటుంది. అదే బుష్. ఆర్మ్ ఆడాలి, పక్కకి జరగకూడదు. ఆ రెండూ చూసుకునేది బుషే. ఈ బండిలో వేలు పెడితే రబ్బరు పొడిపొడిగా రాలింది. బ్రేక్ వేసినప్పుడల్లా చక్రం తన చోటు వదిలేస్తోంది.

రేసుకి దిగేవాళ్లు రబ్బరు తీసేసి పాలియూరిథేన్ వేయించుకుంటారు. అది రబ్బరు కన్నా గట్టిది, చక్రాన్ని కదలనివ్వదు. ఈ బండికి తయారుగా ఉన్న సెట్ ఎక్కడా దొరకలేదు. విరుదునగర్‌లో ప్రింటింగ్ ప్రెస్ రోలర్లకు పాలియూరిథేన్ పోసే షెడ్డు ఉందని విని, పాత బుష్‌లు సంచిలో వేసుకుని వెళ్లాను.

అక్కడ పోత పోసేది జ్ఞానమ్మ. యాభై దాటిన మనిషి, ముప్పై ఏళ్లుగా అదే పని. నేను వెళ్లేసరికి కొత్త రోలర్ మీద బొటనవేలు నొక్కి "ఎనబై అయిదు" అంది. సూపర్‌వైజరు గట్టితనం కొలిచే గేజ్ ఆనించాడు. ముల్లు ఎనభై అయిదు మీద నిలిచింది. పక్కన ఉన్న మూడు రోలర్లకీ అంతే. మొదట వేలు చెప్పింది, తరవాత గేజ్ ఒప్పుకుంది. నేను నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను.

నా పాత బుష్‌లు చేతిలోకి తీసుకుని, ఏవి ముందువో ఏవి వెనకవో అడిగి, తిప్పి తిప్పి చూసింది. "తమ్ముడా, ముందు చక్రాలది ఒక పక్క మాత్రందా అరిగుండాది. వెనకది చుట్టూరా అరిగుండాది. ఇది ఎట్లా ఆడతాదో నేను చూడాల."

"చూసేదేముండాది అక్కా? రేసు బండి. అన్నీ తొంబైలో పోసెయ్."

"సరి, నువ్వు చెప్పినట్టే పోస్తా. ఆదివారం చర్చి అయినాక వస్తా, బండి చూపించు."

శుక్రవారానికి బుష్‌లు వచ్చాయి. శనివారం నాలుగు చక్రాలకీ ఎక్కించి, కయత్తారు దాకా వెళ్లి వచ్చాం. స్టీరింగ్ ఇలా తిప్పితే బండి అలా తిరుగుతోంది. శ్రీనివాసన్ చిన్నపిల్లాడిలా నవ్వాడు. నాకూ గర్వంగానే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం జ్ఞానమ్మ బస్సు దిగి వచ్చింది. శ్రీనివాసన్ అప్పటికే షెడ్డులో ఉన్నాడు. కారు కిందికి ఎప్పుడూ తొంగి చూసిన మనిషి కాదు. చీర చెంగు నడుముకి దోపుకుని, నేను పైకెత్తిన బండి కింద నిలబడింది. ఆమెకి చూపించడానికని వెనక స్ప్రింగ్ విప్పి, ఆర్మ్ పైకెత్తి వదిలాను. దాని బరువుకి అది కిందికి పడాలి. పడలేదు. ఎత్తిన చోటే గాలిలో ఆగిపోయింది.

"ఇది ఏంటికి కిందికి రాలా?" అంది ఆమె.

"కొత్తది కదా అక్కా, టైటుగా ఉండాది. పోయేకొద్దీ వదులవుతాది," అన్నాను. నా మాట నాకే నమ్మకంగా లేదు.

ఆమె బుష్ మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. "మెల్లగా ఎత్తు. ఇంకా. ఇప్పుడు దించు." శ్రీనివాసన్, నేను కలిసి ఎత్తుతూ దించుతూ ఉన్నాం. తరవాత ముందు చక్రం దగ్గరా అలాగే చేయించింది.

"ముందుది తలుపు మాదిరి. మడతబందు మీద ఆడతాది, అంతే. గట్టిది సరిపోతాది. వెనకది అట్లా కాదు. పైకి పోతానే మెలి తిరగతాది. గట్టిది పెట్టి మెలి తిరగనీకుండా కట్టేస్తే ఆ బలం ఏడికి పోతాది? ఇనుముకిదా పోతాది."

టార్చి తెచ్చి, ఆర్మ్ తగులుకునే బ్రాకెట్ దగ్గర పెయింట్ గీకి చూశాను. వెల్డింగ్ పక్కన వెంట్రుకంత పగులు, కొత్తది, అంచులు ఇంకా మెరుస్తున్నాయి. ట్రాక్ మీద పూర్తి వేగంలో ఆ బ్రాకెట్ ఊడితే వెనక చక్రం పక్కకి తిరిగిపోతుంది. శ్రీనివాసన్ ఆ పగులునే చూస్తూ నేలమీద కూర్చున్నాడు. అప్పుడు నాకు కలిగింది భయం ఒక్కటే కాదు. ఇరవై రెండేళ్లుగా నేను బండ్ల కింద పడుకుంటున్నాను. నాకు కనపడనిది ఆమె అరచేతికి తెలిసింది.

"నీకెట్లా తెలిసిందక్కా?"

"రోలర్ కూడా ఇంతే తమ్ముడా. గట్టిగా ఉండాదని మంచిది కాదు. దాని కింద పోయే కాగితం ఏమడగతాదో అదిదా చూడాల."

బ్రాకెట్ వెల్డింగ్ చేసి, పైన రేకు వేసి బలపరిచాను. వెనక చక్రాలకి శ్రీనివాసన్ ఎప్పుడో కొని దాచుకున్న అసలు రకం రబ్బరు బుష్‌లు రెండున్నాయి. వాటి రబ్బరులో కంపెనీవాళ్లు వదిలిన ఖాళీల్లో జ్ఞానమ్మ మెత్తటి పాలియూరిథేన్ కొద్దిగా పోసింది. చక్రం ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టుకోవాలి, మెలి తిరగడానికి మాత్రం చోటివ్వాలి. ఈసారి ఆర్మ్ ఎత్తి వదిలితే మెత్తగా కిందికి దిగింది.

పోటీలో శ్రీనివాసన్ మధ్యలో ఎక్కడో వచ్చాడు. ముగిశాక ఫోన్ చేసి స్థానం సంగతి చెప్పనే లేదు. "అన్నా, బ్రేక్ తొక్కితే గీత గీసినట్టు నేరుగా నిలిచింది," అన్నాడు. ఆ మాట విరుదునగర్ వెళ్లి జ్ఞానమ్మకి చెప్పాను. ఆమె నవ్వి, వేడి పోత ఆరిపోతుందని అచ్చు వైపు తిరిగింది.

అరిగిన భాగం అంటే పారెయ్యాల్సిందని అంతవరకూ అనుకునేవాణ్ని. అది ఏ వైపు అరిగిందో చూస్తే, ఇన్నేళ్లూ ఏం పని చేసిందో అదే చెబుతుంది. ఆమె దాన్ని మొదటి రోజే చదివి నాకు చెప్పింది. నేను వినలేదు. నేను వినకపోయినా, సెలవు రోజు బస్సెక్కి వచ్చింది.